రెండు వందల గజాల మైదానం

శంషాబాద్ చుట్టూ భూమి గజాల లెక్కన అమ్ముడుపోతోంది. బడి పిల్లల ఆటకు ఎకరాలు ఎక్కణ్నుంచి తెస్తామని బడులు అడుగుతున్నాయి. ఎకరాలు అక్కర్లేదు. ఒక ప్లాటంత జాగాలో ఆరుగురు పిల్లలు ఒళ్లంతా చెమట పట్టేలా ఆడుకోవచ్చు.

శంషాబాద్ నుంచి పాల్మాకుల వైపు వెళ్లినా, ముచ్చింతల్ వైపు వెళ్లినా, పెద్ద గోల్కొండ వైపు వెళ్లినా రోడ్డు పక్కన వెంచర్లు కనిపిస్తాయి. వరసగా హద్దురాళ్లు, వాటి మధ్య మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా ఒక ప్రహరీ. సాయంత్రం ఎండ తగ్గాక ఆ హద్దురాళ్లే వికెట్లవుతాయి. ప్లాటు కొన్నవాళ్లు ఇల్లు కట్టేదాకా అది చుట్టుపక్కల పిల్లల మైదానం. ప్రహరీ లేవగానే ఆట పక్క ప్లాటుకు జరుగుతుంది. అలా జరుగుతూ జరుగుతూ ఒక ఏడాదికి జరగడానికి ప్లాటే మిగలదు.

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. దానికి పట్టిన భూమి దాదాపు ఐదున్నర వేల ఎకరాలు. మరుసటి ఏడాది మెహిదీపట్నం నుంచి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. వెనకే గోదాములు, హోటళ్లు, అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఎకరాల్లో మాట్లాడుకునే ఊళ్లు గజాల్లో మాట్లాడుకోవడం నేర్చాయి. బడులు కూడా ఆ భూమి మీదే లేవాలి కాబట్టి మూడంతస్తులు, నాలుగంతస్తులు పైకి లేచాయి. కింద మిగిలిన జాగా స్కూలు బస్సులు నిలపడానికే సరిపోతోంది. పాత సర్కారు బడుల్లో కొన్నింటికి ఇంకా ఆవరణ ఉంది. ఆ ఆవరణలో జరిగే గేమ్స్ పీరియడ్‌ను ఒక్కసారి నిలబడి చూడండి.

నలభై మంది పిల్లలు, ఒక బంతి. పీఈటీ సార్ విజిల్ ఊదుతారు, వరస కట్టిస్తారు, హాజరు చూస్తారు. జట్లు పంచుకోవడానికి పంటలేసుకుంటారు. ఆడేవాళ్లు ఆడతారు, మిగతావాళ్లు గోడ నీడకు చేరతారు. ఆడేవాళ్లలో కూడా బంతి నలుగురైదుగురి కాళ్ల మధ్యే తిరుగుతుంది. కాస్త లావుగా ఉన్న పిల్లవాణ్ని గోల్‌లో నిలబెడతారు. కొత్తగా చేరిన పిల్లవాడు, తెలుగు ఇంకా పూర్తిగా రాని ఒడియా కూలీల బిడ్డ, ఒక మూల నిలబడి బంతి తన వైపు వస్తుందేమోనని చూస్తుంటాడు. అమ్మాయిలు వేరుగా కూర్చుంటారు. రిజిస్టర్‌లో మాత్రం నలభై మందీ ఆడినట్టే.

ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు గుండె వేగం పెరిగేంత శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మళ్లీ చెప్పింది. వారానికి కనీసం మూడు రోజులు ఎముకలను, కండరాలను గట్టిపరిచే శ్రమ కూడా ఉండాలంది. ఆ సంస్థ పరిశోధకులు 2019 చివర్లో లాన్సెట్ వర్గపు పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 146 దేశాల్లో 11 నుంచి 17 ఏళ్ల విద్యార్థులు 16 లక్షల మంది వివరాలు చూశారు. 2016 నాటికి ప్రపంచంలో వందకు 81 మందికి ఆ గంట శ్రమ లేదు. మన దేశపు అబ్బాయిల్లో ఈ లెక్క 72. చాలా దేశాల కన్నా మనది కాస్త నయం. కారణం ఏమై ఉంటుందని ఆలోచిస్తూ పరిశోధకులు క్రికెట్ పేరు చెప్పారు. కోచ్ లేకుండా, ఫీజు లేకుండా ఇంటి దగ్గర ఆడుకునే క్రికెట్. అమ్మాయిల విషయంలో వాళ్లకు తోచిన కారణం ఇంటి పని.

ఆ మాటలు శంషాబాద్‌లో నిలబడి చదివితే గుబులు పుడుతుంది. మన అబ్బాయిలను ఇంతకాలం కాపాడింది గల్లీ క్రికెట్ అయితే, గల్లీ పోయిన చోట వాళ్లను కాపాడేది ఏది? బాసన్లు తోమడం, నీళ్లు మోయడమే మన అమ్మాయిల వ్యాయామం అయితే, దాన్ని చూసి సంతోషించగలమా?

పెద్దలు తమ మటుకు తాము దారి వెతుక్కున్నారు. ఔటర్ పొడవునా, నార్సింగి నుంచి శంషాబాద్ దాకా, వలలు కట్టిన టర్ఫ్‌లు వెలిశాయి. రాత్రి దీపాల కింద ఆఫీసులు ముగించుకున్నవాళ్లు బాక్స్ క్రికెట్, ఐదుగురి ఫుట్‌బాల్ ఆడుకుంటున్నారు. జాగా తగ్గింది, జట్టు తగ్గింది, ఆటేమీ పాడవలేదు. అయితే ఆ ఆట గంటకింత అని అద్దె కట్టగలవాళ్లది. అదే పద్ధతిని బడి ఆవరణలోకి సున్నం గీతలతో తేవచ్చు. ఈ కథనం చెప్పదలచుకున్నది అంతే.

ముందు లెక్క చూద్దాం. పూర్తి ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఎకరం ముప్పై గుంటలు. అందులో ఆడేది ఇరవై ఇద్దరు. ఇప్పుడు మన వెంచర్లలో మామూలుగా కనిపించే ప్లాటు తీసుకోండి. ముప్పై అడుగులు, అరవై అడుగులు, రెండు వందల గజాలు. అందులో ముగ్గురు ఇటు, ముగ్గురు అటు హాయిగా ఆడొచ్చు. చిన్న తరగతుల పిల్లలైతే నలుగురు, నలుగురు కూడా పడతారు. ఇలాంటి గళ్లు ఆరు గీస్తే పన్నెండు వందల గజాలు, అంటే పావు ఎకరం. నాలుగు గళ్లలో ముగ్గురేసి జట్లు, రెండు గళ్లలో నలుగురేసి జట్లు. మొత్తం సరిగ్గా నలభై మంది. గోడ నీడకు చేరేవాళ్లు ఎవరూ మిగలరు.

జాగా కలిసిరావడం ఒక్కటే అయితే ఇంత చెప్పనక్కర్లేదు. పిల్లల ఒంట్లో జరిగేది అంతకన్నా పెద్ద మార్పు. నలభై నిమిషాల పీరియడ్‌లో బంతి నికరంగా ఇరవై నిమిషాలు ఆటలో ఉందనుకోండి. ఇరవై ఇద్దరు సమానంగా పంచుకున్నా ఒక్కొక్కరికి దక్కేది నిమిషం లోపే. ఆరుగురు పంచుకుంటే మూడు నిమిషాల పైమాట. బంతి కాలి దగ్గర లేని పిల్లవాడు కూడా ఊరికే నిలబడలేడు. ముగ్గురి జట్టులో ఒకరు నిలబడిపోతే జట్టు ఓడిపోతుంది. పరుగెత్తాలి, ఆగాలి, మలుపు తిరగాలి, వెనక్కి రావాలి. పరుగు ఎంత దూరమన్నది పెద్ద విషయం కాదు. ఆ ఆగడం, తిరగడం, మళ్లీ ఉరకడం గుండెను పైకి లేపుతాయి.

ఇంగ్లండ్‌లో 2002-03 కాలంలో మాంచెస్టర్ యునైటెడ్ అకాడమీ తొమ్మిదేళ్ల లోపు పిల్లల చేత ఎనిమిది మంది జట్లకు బదులు నలుగురి జట్లతో ఆడించింది. మాంచెస్టర్ మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిక్ ఫెనోలియో బృందం రెండు రకాల ఆటలనూ పోల్చి లెక్కగట్టింది. నలుగురి ఆటలో పాస్‌లు 135 శాతం ఎక్కువ. గోల్ కోసం ప్రయత్నాలు 260 శాతం, గోల్స్ 500 శాతం ఎక్కువ. వాళ్లు ఏరికోరి తెచ్చిన పిల్లలు, మన పిల్లలకు అవే అంకెలు రావాలని లేదు. కానీ తక్కువ మంది ఉంటే ఒక్కొక్కరికి ఎక్కువ ఆట దక్కుతుందన్నది ఏ ఊళ్లోనైనా నిజమే.

బడి పిల్లల మీద నేరుగా చేసిన పని డెన్మార్క్‌లో ఉంది. ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లలు దాదాపు మూడు వందల మందిని తీసుకున్నారు. కొన్ని తరగతులకు వారానికి మూడుసార్లు, నలభై నిమిషాల చొప్పున, చిన్న జట్ల బంతి ఆటలు పెట్టారు. పది నెలలు అలా ఆడాక కొలిచి చూస్తే మామూలు తరగతుల పిల్లల కన్నా వీళ్ల కాళ్ల ఎముకల్లో ఖనిజ సాంద్రత మెరుగ్గా పెరిగింది. కండరాల శక్తి, ఒంటి నిలకడ కూడా మెరుగయ్యాయి. 2018లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో ఈ ఫలితాలు వచ్చాయి. వారానికి మూడుసార్లు నలభై నిమిషాలంటే మన టైమ్‌టేబుల్‌లో మూడు పీరియడ్‌లు. ఎముక గట్టిపడే వయసు ఇదే. పదో తరగతి అయ్యాక చూద్దాంలే అని వాయిదా వేసే పని కాదు.

అంత దూరం పోనక్కర్లేకుండా, ఆటను పిల్లలకు తగ్గట్టు మలచిన మనిషి హైదరాబాద్‌లోనే ఉండేవాడు. సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో ‘మైదాన్’ సినిమా వచ్చాక ఆయన పేరు కొత్త తరానికి తెలిసింది. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు ఫుట్‌బాల్ స్వర్ణాలు తెచ్చిన కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో జట్టును సెమీఫైనల్ దాకా తీసుకెళ్లిన కోచ్. ఆసియా జట్లలో ఆ మెట్టు ఎక్కిన మొదటి జట్టు అదే. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిచింది. ఇవన్నీ చెప్పుకున్నంతగా మనం చెప్పుకోనిది ఒకటుంది. ఆయన బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పాడు, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి బడి ఆటల బాధ్యత చూశాడు.

అందుకే ఆయన ఆలోచన పంతులు ఆలోచనలా సాగింది. బంతిని కాళ్ల దగ్గరే పెట్టుకుని ఒక్కడే సాగిపోయే అలవాటు మాన్పించాలంటే ఏం చేయాలి? ఉపన్యాసం ఇవ్వలేదు, డ్రిబ్లింగే లేని టోర్నమెంట్లు పెట్టాడు. బంతి అందిందా, ఇంకొకరికి ఇవ్వాల్సిందే. రెండో కాలు రాదనే సాకు పోవాలంటే? బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో రకం టోర్నమెంట్. ఈ రెండు నియమాలనూ ఇవాళ ఒక ఏడో తరగతి గేమ్స్ పీరియడ్‌లో పెట్టి చూడండి. ఆట బాగా వచ్చిన ఇద్దరు ముగ్గురు బంతిని కొల్లగొట్టే దారి మూసుకుపోతుంది. ఎడమ కాలితో ఆడాలంటే క్లాసులో చురుకైనవాడూ, ఎప్పుడూ బంతి ముట్టనివాడూ దాదాపు ఒకే గీత మీద నిలబడతారు. రహీం దాన్ని మంచి ఆటగాళ్లను తీర్చిదిద్దడానికి చేశాడు. బడిలో అదే పని మామూలు పిల్లలను ఆటలోకి లాగుతుంది. ఆయన పేరు స్టేడియాలకు పెట్టాలని అడిగేవాళ్లున్నారు, పెట్టాల్సిందే. అంతకన్నా ముందు ఆయన పద్ధతి పీఈటీ శిక్షణలో పాఠంగా చేరాలని నా కోరిక.

ప్రపంచంలో ఇంకొందరు టీచర్లూ ఇదే దారి పట్టారు. ఉరుగ్వేలో హువాన్ కార్లోస్ చెరియానీ 1930లో మాంటెవీడియో వైఎంసీఏలోని బాస్కెట్‌బాల్ కోర్టు కొలతల్లో ఐదుగురి ఫుట్‌బాల్ రూపొందించాడు. అదే ఫుట్సల్. జర్మనీకి చెందిన హాకీ కోచ్ హార్స్ట్ వైన్ ముగ్గురేసి జట్లకు నాలుగు చిన్న గోల్స్ పెట్టాడు. ఒక్కో జట్టు రెండు గోల్స్ కాపాడుకోవాలి, గోల్‌కీపర్ ఉండడు. ఒక పక్క గుంపు చేరితే రెండో పక్క ఖాళీ అవుతుంది కాబట్టి పిల్లలు తలెత్తి చూడడం నేర్చుకుంటారు. ముగ్గురేసి బాస్కెట్‌బాల్ టోక్యోతో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. సగం కోర్టు, ఒకే బుట్ట, పది నిమిషాలు. 2018లో ఆ ఆట వరల్డ్ టూర్ పోటీ ఒకటి హైదరాబాద్‌లోనే జరిగింది. క్రికెట్‌కు కూడా ఇంగ్లండ్ బడులు జంటల పద్ధతి పెట్టుకున్నాయి. ఎనిమిది మంది జట్టులో ఒక్కో జంట నిర్ణీత ఓవర్లు ఆడుతుంది. ఔటైతే బ్యాట్ వదలక్కర్లేదు, జట్టు పరుగులు కొన్ని తగ్గుతాయి. రెండో బంతికి ఔటై గంటసేపు కూర్చునే పిల్లవాడి బాధ తెలిసినవాళ్లకు ఈ నియమం విలువ అర్థమవుతుంది.

మనకూ ఇంటి ఆట ఒకటుంది. ఏడు పెంకులాట. బంతితో పెంకులు పడగొట్టాలి, అవతలి జట్టు బంతితో కొట్టేలోపు మళ్లీ పేర్చాలి. ఉరకడం, వంగడం, తప్పుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఐదుగురేసి జట్లు, మెత్తని బంతి, రెండు వందల గజాలు చాలు. ఫుట్‌బాల్ అంటే జంకే పిల్లలను మొదట దీంతోనే దింపొచ్చు.

అమ్మాయిల సంగతి విడిగా చెప్పాలి. మన బడుల్లో వాళ్ల చేతికిచ్చే ఆట త్రోబాల్. వలకు ఇటూ అటూ జట్టు నిలబడుతుంది, బంతి వచ్చినవాళ్లు పట్టుకుని విసురుతారు, మిగతావాళ్లు చూస్తారు. ఆ ఆటలో నైపుణ్యం ఉంది, పోటీలున్నాయి, దాన్ని ఇష్టపడే అమ్మాయిలూ ఉన్నారు. కానీ పీరియడ్ మొత్తం గడిచినా ఆయాసం రాదు. అమ్మాయిలకు ఉరుకులు లేని ఆట చాలని ఎవరూ కాగితం మీద రాయలేదు, అయినా ఏళ్లుగా అలాగే నడుస్తోంది. ఈ తీరు మారాలి. త్రోబాల్ బంతితోనే ఐదు పాస్‌ల ఆట పెట్టండి. నలుగురేసి జట్లు, చేతులతోనే ఆట. బంతి చేతిలో ఉన్నమ్మాయి నడవకూడదు, మిగతా ముగ్గురు ఖాళీ చూసుకుని ఉరకాలి. వరసగా ఐదు పాస్‌లు పడితే ఒక పాయింట్. గోల్ అక్కర్లేదు, వల అక్కర్లేదు. ఐదు నిమిషాలు ఆడితే నిలబడి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తుంది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత ఫుట్‌బాల్ జట్టులో ఆడుతోంది. అంత దూరం వెళ్లే అమ్మాయిలు ఎప్పుడూ కొద్దిమందే. మిగతా అమ్మాయిలందరికీ వారానికి మూడు పీరియడ్‌ల ఉరుకులాట దక్కాలన్నదే ఇక్కడి పట్టుదల.

ఆడించే పద్ధతి కష్టమేమీ కాదు. ఆరు గళ్లకు ఒకటి నుంచి ఆరు దాకా అంకెలు వేయండి. ఐదు నిమిషాలు ఆట. విజిల్ పడగానే గెలిచిన జట్టు పై గడికి, ఓడిన జట్టు కింది గడికి మారుతుంది. ముగ్గురికి నలుగురు ఎదురైన చోట నలుగురి జట్టును రెండేసి పాస్‌లు ఎక్కువ అడిగితే సరిపోతుంది. రెండు మూడు విజిళ్లయ్యేసరికి సమానులు సమానుల ఎదుటికి వచ్చేస్తారు, ఇక ఎవరి గడిలో వాళ్లకు గట్టి పోటీ. నలభై నిమిషాల్లో వరసకు, నీళ్లకు పోను ఐదు ఆటలు పడతాయి. గోల్ స్తంభాలకు రెండు ఇటుకలు చాలు. పదేళ్ల పిల్లలకు పెద్ద బంతి వద్దు, నాలుగో నంబరు బంతి ఇవ్వండి. శ్రమ సరిపోయిందా లేదా అన్నది టీచర్ దూరం నుంచే కనిపెట్టొచ్చు. పిల్లవాడు మాట్లాడగలుగుతూ పాట పాడలేకపోతే ఒక మోస్తరు శ్రమ, నాలుగు మాటలకే ఆగి ఊపిరి తీసుకుంటే గట్టి శ్రమ.

చిక్కులు లేవని చెప్పడం న్యాయం కాదు. మన నేల మొరం. జారిపడితే మోకాలు గీరుకుపోతుంది. చిన్న గడి కాబట్టి ఆడే ముందు కంకర ఏరెయ్యడం పిల్లలతోనే అవుతుంది, ఎకరం ముప్పై గుంటల్లో అది జరిగే పని కాదు. చాలామందికి బూట్లుండవు, చెప్పులు విడిచి ఆడతారు. అందుకని మెత్తని బంతి, చేతి ఆటలు ముందు రావాలి. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఎండలో ఆడించకూడదు, పొద్దున మొదటి పీరియడే ఆటకివ్వాలి. ప్రాథమిక పాఠశాలల్లో పీఈటీ ఉండరు. అక్కడ క్లాస్ టీచరమ్మే విజిల్ పట్టాలి. ఆమె మీద ఇప్పటికే ఎన్ని పనులున్నాయో తెలిసి కూడా ఈ మాట అడుగుతున్నాను, ఎందుకంటే ఈ ఆటలకు కోచింగ్ తెలియనక్కర్లేదు. గీతలు గీసి, సమయం చూసి, ఎవరినీ కూర్చోనివ్వకపోతే చాలు.

బంతులు లేవనే మాటకు ఇప్పుడు అంత బలం లేదు. సమగ్ర శిక్ష కింద ఆట సామగ్రికి ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల దాకా ఇచ్చే వీలుంది. ఫిఫా బడుల కార్యక్రమం కింద దేశంలో లక్షన్నర బడులకు 11 లక్షలకు పైగా ఫుట్‌బాల్స్ కేటాయించారు. వచ్చిన బంతి స్టాక్ రిజిస్టర్‌కెక్కి బీరువాలో ఉండిపోవడమే బాధ. పంక్చరైతే, పోతే ఎవరు జవాబు చెప్పాలన్న భయం టీచర్‌ది. ఆ భయం తీర్చాల్సింది మండల విద్యాధికారులు. ఆడి అరిగిన బంతిని తనిఖీలో తప్పుగా రాయకూడదు. ఏడాది చివర కొత్తగా మెరుస్తున్న బంతి దొరికితే అప్పుడు వివరణ అడగాలి.

విద్యా హక్కు చట్టం షెడ్యూల్‌లో బడికి ఆటస్థలం ఉండాలని 2009లోనే రాశారు. ఆవరణే లేని బడుల మాటేమిటి? వెంచర్ వేసేటప్పుడు లేఅవుట్‌లో పదో వంతు ఖాళీ స్థలం వదలాలని నిబంధన ఉంది. శంషాబాద్ చుట్టూ ఇన్ని లేఅవుట్లుంటే ఆ పదో వంతులన్నీ ఎక్కడో ఒకచోట ఉండాలి. కొన్ని పార్కులయ్యాయి, కొన్ని ముళ్లకంపతో పడి ఉన్నాయి. వాటిలో పావు ఎకరం ముక్కను నడిచి వెళ్లగలిగే దూరంలోని బడికి పగటిపూట ఇవ్వడానికి స్థానిక పాలక సంస్థకు పెద్ద ఖర్చేమీ కాదు. కంప కొట్టి, చదును చేసి, ఒక నీళ్ల కుళాయి పెట్టాలి. సాయంత్రం అదే జాగాలో కాలనీ పిల్లలు ఆడుకుంటారు.

తల్లిదండ్రులు కూడా అడగాల్సినవి ఉన్నాయి. పేరెంట్స్ మీటింగ్‌లో మార్కుల కాగితం చూశాక టైమ్‌టేబుల్ చూపించమనండి. గేమ్స్ పీరియడ్‌లు ఎన్ని ఉన్నాయో, అందులో లెక్కల సార్, సైన్స్ మేడమ్ తీసుకున్నవి ఎన్నో అడగండి. ఇంటికొచ్చాక బిడ్డను ఒక్క మాట అడగండి, ఇవాళ బంతి నీ దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందని. గెలిచారా, ఓడారా అన్నది తర్వాత. వారం రోజులు వరసగా ఒక్కసారీ రాలేదన్న జవాబే వస్తే, మర్నాడు బడికి వెళ్లి పీఈటీ సార్‌తో ఆరు గళ్ల సంగతి మాట్లాడండి. సున్నం బస్తా మీరే తీసుకెళ్తే ఇంకా మంచిది.